రాజీకీ శాంతికీ నడుమ విశ్వవిద్యాలయం

(గ్రామ శిబిరాలకు బయలుదేరుతున్న జాతీయ సేవా పథకం విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట రాజనీతిశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, సహాధ్యాపకులకు, వచ్చే వారం ఊళ్ళకు బయలుదేరబోతున్న విద్యార్థులకు నమస్కారం.

మానవ హక్కులు, యువత, శాంతి అనే మూడు మాటలను కలిపి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మూడింటిలో మనం ఏ జంకూ లేకుండా వాడేసే మాట శాంతి. పోలీసు స్టేషన్‌లో అది శాంతిభద్రతలు అవుతుంది. రచ్చబండ దగ్గర రాజీ అవుతుంది. ఇంట్లో ఆడపిల్లకు చెప్పేటప్పుడు సర్దుకుపోవడం అవుతుంది. ఈ మూడు చోట్లా గొంతు తగ్గించుకోవలసింది ఎవరో ఒకసారి గమనించండి. బలం లేనివాడు నోరు మూసుకుంటే ఊరు ప్రశాంతంగా ఉందని రాసుకునే అలవాటు మనకు చాలా కాలంగా ఉంది. విశ్వవిద్యాలయం చేపట్టే సామాజిక కార్యక్రమం ఈ అలవాటును ప్రశ్నించకుండా ఊరికి వెళితే, ఎంత మంచి మనసుతో వెళ్ళినా ఆ మౌనానికి మరో సంతకం చేసి తిరిగి వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పి, అందులో సగం కాలం శిబిరాలు నడిపి నేను తెలుసుకున్నది ప్రధానంగా ఇదే. అందుకే ఈ రోజంతా దీని గురించే మాట్లాడతాను.

ముందుగా కొంత చరిత్ర. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. 'నేను కాదు, నీవు' అన్నది దాని నినాదం. అదే 1969లో ఇక్కడ ఏం జరుగుతోందో మీ తాతలను అడగండి. ఉద్యోగాలు, నిధులు, ఇచ్చి తప్పిన హామీల మీద తెలంగాణ విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు, ఎందరో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. మూడేళ్ళ తర్వాత 1972లో కోస్తా, రాయలసీమ ప్రాంతాల విద్యార్థులు జై ఆంధ్ర అంటూ లేచారు. సేవ చేయండని యువతను పిలిచిన సంవత్సరమే ఆ యువత తన హక్కు అడిగి తూటాలు తిన్న సంవత్సరం కావడం నన్ను ఇప్పటికీ కలతపెట్టే విషయం.

ఆ రెండు ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో ఒక సూత్రం హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్నది. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు, 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒక సంఘర్షణకు పరిష్కారంగా పుట్టిన విశ్వవిద్యాలయం అది. ఆ పరిష్కారం ఎంత నిలిచింది, ఎంత నిలవలేదు అన్నది తర్వాతి నలభై ఏళ్ళ చరిత్ర చెబుతుంది కనుక ఆ చర్చలోకి వెళ్ళను. నాకు ముఖ్యమైనది అదే విశ్వవిద్యాలయం గోడల లోపలి నుంచి 1980లలో బయటికి నడిచిన ఒక పని.

ఆ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆచార్య శాంతా సిన్హా గారు శ్రామిక విద్యాపీఠం అనే విస్తరణ కార్యక్రమానికి బాధ్యత తీసుకున్నారు. నగరం అంచున ఉన్న రంగారెడ్డి జిల్లా పల్లెల్లో అప్పటికి వెట్టిచాకిరి బాగా ఉండేది. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లోనే వచ్చినా, తండ్రి చేసిన అప్పుకు కొడుకును పెద్ద రైతు ఇంట్లో జీతానికి పెట్టడం ఆగలేదు. 'జీతముండటం' అనే ఆ మాటను మీరు గుర్తుంచుకోవాలి. మీరు నెలాఖరుకు బ్యాంకులో పడేదాన్ని జీతం అంటారు. ఆ పిల్లవాడికి జీతం అంటే తెల్లవారుజామున కొట్టంలో పేడ ఎత్తడంతో మొదలై పసులను తోలుకెళ్ళి, చీకటిపడ్డాక పశువుల పక్కనే పడుకోవడం. డబ్బు అతని చేతికి రాదు, పద్దులో పడి పాత అప్పులో కలిసిపోతుంది.

1987లో శాంతా సిన్హా గారు వెట్టి నుంచి బయటపడిన పిల్లలను బడికి సిద్ధం చేయడానికి మూడు నెలల శిబిరం పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకెళ్ళి ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో వారం తిరక్కుండా పారిపోతాడు. వయసుకు తగిన తరగతిలో చేరేందుకు కావలసినంత చదువును కొద్ది నెలల్లో నేర్పి పంపితే నిలబడతాడు. ఈ ఆలోచన నుంచే తర్వాతి వారధి శిబిరాలు పెరిగాయి. ఆమె తాతగారు, చరిత్ర, రాజనీతిశాస్త్ర ఆచార్యుడు మామిడిపూడి వేంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఈ పనిని ఊరూరా తీసుకెళ్ళింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు. పురస్కారాల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. ఆ పని జరిగిన తీరును మాత్రం మనం దగ్గరగా చూడాలి.

అప్పటి బాలకార్మిక చట్టం, అంటే 1986 నాటి చట్టం, ప్రమాదకరమని జాబితాలో చేర్చిన పనుల్లోనే పిల్లలను నిషేధించింది. పొలం పని, పసుల కాపరితనం, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడం ఆ జాబితాలో లేవు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే, పిల్లలు చేసే ఏ పనీ ప్రమాదం లేనిది కాదు అని వీరు ఒక గీత గీసుకుని దాని దగ్గర ఎవరితోనూ బేరానికి దిగలేదు. చట్టం అంత దూరం రాక ముందే ఆ గీత గీశారు. విద్యాహక్కు 86వ సవరణతో రాజ్యాంగంలో చేరింది 2002లో, దాని చట్టం అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. బీదవాడికి పిల్లల కూలి అవసరం అన్న వాదనను ఆర్థికవేత్తలు కూడా నమ్ముతున్న రోజుల్లో, బీద తల్లిదండ్రులే అప్పుచేసైనా పిల్లలను చదివించాలని కోరుకుంటున్నారని ఆ పల్లెల్లో విని నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయం ఊరి నుంచి నేర్చుకోవడమంటే అదీ.

మరొక సంగతి నేటి విషయానికి సూటిగా సంబంధించినది. పిల్లవాణ్ణి విడిపించాలంటే యజమానితో తగవు తప్పదు. అయినా వీరు ఆ యజమానిని ఊరికి శత్రువుగా నిలబెట్టలేదు. పదేపదే వెళ్ళి మాట్లాడారు, పిల్లవాణ్ణి వదిలిపెట్టిన ఆసామిని పదిమందిలో గౌరవించారు. ఇంటింటికీ తిరిగినవారు ఆ ఊళ్ళ యువకులే, చాలామంది తమ ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కినవారు. హక్కు విషయంలో ఒక్క అడుగు వెనక్కి వేయకుండా, మనిషి విషయంలో తలుపు మూయకుండా ఉండటం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించినవారికి తెలుస్తుంది. రాజీ చేసే పెద్దమనిషి సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తాడు. అందరితో మర్యాదగా మాట్లాడి, హక్కును మాత్రం మెల్లగా పక్కన పెట్టిస్తాడు.

ఇప్పుడు నా సొంత అనుభవానికి వస్తాను. అది అంత గొప్పది కాదు.

చాలా ఏళ్ళ క్రితం పాలమూరు వైపు ఒక పల్లెకు మా విద్యార్థులను తీసుకెళ్ళాను. చేతిలో సర్వే పత్రాలు ఉన్నాయి. అందులో ఒక ప్రశ్న 'మీ గ్రామంలో కులవివక్ష ఉన్నదా?' దాని ఎదురుగా రెండు గడులు, ఉన్నది, లేదు. సాయంత్రానికి తిరిగి వచ్చిన పత్రాలన్నింటిలోనూ 'లేదు' మీదే టిక్కు ఉంది. మరునాడు పొద్దున ఊరి మధ్య హోటల్ దగ్గర చాయ్ తాగుతుండగా మా విద్యార్థిని ఒకామె నా మోచేతిని మెల్లగా తాకి లోపలికి చూపించింది. బల్ల మీద కూర్చున్నవారి చేతుల్లో స్టీలు గ్లాసులు ఉన్నాయి. గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడినవారి చేతుల్లో కాగితపు గ్లాసులు. వాళ్ళను నిలబడమని ఎవరూ అనలేదు, బల్ల మీద చోటు కూడా ఉంది. తాగిన తర్వాత ఆ కాగితపు గ్లాసులను వాళ్ళే నలిపి పక్కనున్న డబ్బాలో వేసి, చిల్లర బల్ల అంచున పెట్టి వెళ్ళిపోయారు. పాత రోజుల్లో చూరుకు వేలాడిన వేరు గ్లాసు ఇప్పుడు ప్యాకెట్లలో వస్తోంది కనుక మన సర్వే పత్రానికి కనిపించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం దళితవాడలో ఒక పెద్దమ్మ మా పిల్లలతో అన్న మాట నేను ఇప్పటికీ ప్రతి శిబిరానికి ముందు చెబుతాను. "రాసుకపోయినోళ్ళు శానమంది బిడ్డా. తిరిగొచ్చి సదివి ఇనిపించినోళ్ళు ఒక్కరు లేరు." మేము రాసిన నివేదిక విశ్వవిద్యాలయానికి వెళ్ళింది, అక్కడి నుంచి మరో కార్యాలయానికి వెళ్ళింది. ఎవరి గురించి రాశామో వారి దగ్గరికి వెళ్ళలేదు. ఆ తప్పు నాది. ఆ తర్వాత మా శిబిరాల్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఏది రాసినా ముందు ఆ వాడలోనే, వారి అరుగు మీదే కూర్చుని, వారి మాటల్లో చదివి వినిపించాలి. వారు తప్పన్నది దిద్దాలి, వద్దన్న పేరు తీసేయాలి, ఆ తర్వాతే కళాశాలకు ఇవ్వాలి. ఇలా మొదటిసారి చదివి వినిపించిన రోజున 'లేదు' అని చెప్పిన ఇళ్ళలోనే కొందరు నోరు విప్పారు.

ఈ సందర్భంలో ఒక మాట. 'దత్తత గ్రామం' అని మనం బోర్డు రాయించి పెడతాం. ఆ మాట నాకు రుచించదు. తల్లీతండ్రీ లేని బిడ్డను దత్తత తీసుకుంటారు. ఊరికి దాని గ్రామసభ ఉంది, పంచాయతీ ఉంది, మన కళాశాల కన్నా పాత జ్ఞాపకాలు ఉన్నాయి. ఏడు రోజులు ఉండి వచ్చేవాళ్ళం ఎవరిని ఎవరు దత్తత తీసుకున్నట్టు?

మరో రెండేళ్ళకు ఇంకొక పల్లెలో, పెళ్ళి ఊరేగింపు ఫలానా వీధి నుంచి వెళ్ళకూడదన్న మాట మీద గొడవ జరిగి దళితవాడ యువకులకు దెబ్బలు తగిలాయి. నాలుగో రోజున పెద్దమనుషులు కూర్చుని బాండు కాగితం మీద రాజీపత్రం రాయించారు. వైద్యం ఖర్చుకు కొంత సొమ్ము ఇప్పించారు, ఫిర్యాదు మీద ఇక ముందుకు పోబోమని సంతకాలు పెట్టించారు. 'రేపు పొద్దున మొఖాలు చూసుకోవాల్సినోళ్ళం' అన్నది అక్కడ వినిపించిన మాట. ఊరు ప్రశాంతం అయింది. మేము వెళ్ళి శాంతి ర్యాలీ తీశాం, కొవ్వొత్తులు వెలిగించాం, ఫొటోలు దిగాం. ఆ ర్యాలీలో దెబ్బలు తిన్న ఇంటివారు ఒక్కరూ లేరని నేను మూడో రోజున గాని గుర్తించలేదు. బడి మైదానంలో సాయంత్రం రెండు క్రికెట్ ఆటలు జరుగుతున్నాయి, తూర్పున ఒకటి, పడమర ఒకటి. గొడవకు ముందు అక్కడ ఒక్క ఆటే ఉండేదని బడి పంతులు చెప్పారు.

అప్పుడు ఒక న్యాయ కళాశాల విద్యార్థులను తోడు తెచ్చుకున్నాం. రాజ్యాంగంలోని 39-ఎ అధికరణం, 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం వీరికి ఒక దారి చూపాయి. ఆ చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదయ్యే నేరం పెద్దమనుషుల సంతకాలతో మాసిపోయేది కాదని, 1995 నియమాల ప్రకారం బాధితులకు దశలవారీగా సహాయం అందాలని, 2016 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం ప్రాథమిక సమాచార నివేదిక (ఎఫ్‌ఐఆర్) నకలును రుసుము లేకుండా పొందే హక్కు వారిదని ఆ ఇంటికి తెలియదు. నిజం చెప్పాలంటే మాలో సగం మందికీ తెలియదు. న్యాయ విద్యార్థులు ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ ఇంటి వసారాలో చాప మీద కూర్చుని, అర్జీ ఎవరి పేర రాయాలో, రసీదు ఎందుకు అడగాలో, ఆ రసీదును ఎక్కడ దాచాలో చెప్పారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాలా వద్దా అన్నది ఆ ఇంటివారికే వదిలేశారు. వారం ఆలోచించుకుని వారు వెళ్ళారు.

మా జట్టులోనే ఆ ఊరి రెండో వైపు యువకుడు ఒకడున్నాడు, నిందితుల్లో ఒకరు అతని చిన్నాన్న. ఒక రాత్రి బడి వరండాలో పక్కలు పరుచుకుంటుండగా వచ్చి, "సార్, మా చిన్నాయన మీద కేసు నడిపించడానికి నన్ను తీసుకొచ్చారా?" అని అడిగాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కేసు సంగతి నీకు అప్పగించం, దాచమని కూడా అడగవద్దు అని మాత్రం చెప్పగలిగాను. అతను ఆ శిబిరం మిగిలిన రోజులు మాతో పెద్దగా మాట్లాడలేదు. వర్షాకాలంలో అతనే అడిగి, బడిలో ఆదివారాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు వాడల పిల్లలూ వచ్చేవారు. దాన్ని పెద్ద మార్పుగా నేను చెప్పుకోను, మైదానంలో ఆటలు ఇంకా చాలాకాలం రెండుగానే ఉన్నాయి. ఎదుటివారి హక్కును ఒప్పుకోవడం తన ఇంటిని కాదనుకోవడం కాదని ఒక ఇరవై ఏళ్ళ కుర్రవాడు తనంతట తాను తేల్చుకోవడానికి ఎంత కాలం పడుతుందో నాకు అక్కడ తెలిసింది.

ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2015 డిసెంబరు 9న 2250వ తీర్మానం చేసింది. 18 నుంచి 29 ఏళ్ళ మధ్యవారిని యువతగా లెక్కించి, శాంతి నెలకొల్పే నిర్ణయాల్లో వారికి భాగం ఉండాలని, వారికి రక్షణ ఉండాలని ఆ తీర్మానం దేశాలను కోరింది. న్యూయార్కులో చేసిన తీర్మానం మన ఊరి చావడికి ఏం పనికొస్తుందని మీరు అడగవచ్చు. పండుగ వచ్చిందంటే మన దగ్గర యువకులను తహసీల్దారు ముందుకు పిలిపించి బైండోవర్ చేయడం, అంటే గొడవకు దిగబోమని పూచీకత్తు రాయించుకోవడం మీరు చూసే ఉంటారు. పెద్దలు గొడవకు కారణమైనా, చట్టం దృష్టిలో జాగ్రత్తగా చూసుకోవలసిన ప్రమాదం మాత్రం యువకుడే. అదే యువకుణ్ణి శాంతి సంఘం సమావేశానికి ఎవరూ పిలవరు. అక్కడి కుర్చీలు వయసు మళ్ళినవారితో, పార్టీల వారితో నిండిపోతాయి. మీ శిబిరం ఆ ఊరి రెండు వైపుల యువకులకూ, ముఖ్యంగా అమ్మాయిలకు, ఆ సమావేశంలో కుర్చీ ఇప్పించగలిగితే ఆ తీర్మానం మీ ఊరికి చేరినట్టే. అమ్మాయిల సంగతి ఎందుకు వేరుగా చెప్పానంటే, రాజీ అనే పేరుతో ఎక్కువసార్లు మూసిపెట్టేది వారి మీద జరిగిన హింసనే.

సాటి అధ్యాపకులకు రెండు విన్నపాలు. ఏటా కొత్త ఊరు ఎంచుకోవద్దు. జాతీయ సేవా పథకంలో విద్యార్థికి ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళ కాలం ఉంటాయి. విద్యార్థులు మారినా ఊరు మారకపోతే, ఒక జట్టు మొదలుపెట్టిన అర్జీని తర్వాతి జట్టు వెంటబడి అడుగుతుంది. అర్జీ పెట్టినవారు రెండోసారి రారని తెలిస్తే ఏ కార్యాలయమూ కదలదు. రెండోది, విద్యార్థుల క్షేమం. గొడవ రగులుతున్న ఊరికి పిల్లలను పంపి మనం ఇంట్లో కూర్చోకూడదు. ఎవరి పేరు ఎక్కడ రాయాలి, ఏ ఫొటో తీయకూడదు, రాత్రి ఎవరి ఇంట్లో ఉండాలి అన్నవి బయలుదేరే ముందే తేల్చుకోవాలి. మనం తిరిగి వచ్చేశాక కోపం పడేది అక్కడ మిగిలిన మనిషి మీద.

విద్యార్థులకు ఒక్క విషయం. 1948 డిసెంబరు 10 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో మొదటి అధికరణం 'మానవులందరూ' అని మొదలవడానికి భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుదల కారణం. 'పురుషులందరూ' అన్న అర్థం ఇచ్చే మాట మీద ఆమె అభ్యంతరం చెప్పి మార్పించారు. ఒక్క మాట దిద్దడం చిన్న పని కాదు. మీ సర్వే పత్రాల్లో ఆ రెండు గడుల ప్రశ్నను ఈ రాత్రే కొట్టేయండి. దాని బదులు ఊళ్ళో చాయ్ ఎక్కడ తాగుతారు, ఎలా తాగుతారు అని అడగండి, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, పోయినవారిని ఏ దారిన తీసుకెళతారు అని అడగండి. మీకిచ్చిన నీళ్ళు తాగండి.

ఈ నెల 30న మనం వెళ్ళే ఊళ్ళో పౌర హక్కుల దినం జరుగుతుంది. అంటరానితనం మీద అవగాహన కోసం నెలనెలా రెవెన్యూ, పోలీసు అధికారులు జరిపే సభ అది. చాలాచోట్ల పంచాయతీ కార్యాలయం గది లోపల పావుగంటలో ముగిసి రిజిస్టరులో సంతకాలు మిగులుతాయి. సభను దళితవాడలోని వేపచెట్టు కింద పెట్టమని అధికారులను అడుగుతూ అక్కడి యువకులు, మీ సీనియర్లు కలిసి రాసిన అర్జీకి రసీదు వచ్చింది. బస్సు ఉదయం ఏడున్నరకు గ్రంథాలయం ముందు నుంచి కదులుతుంది. పోయిన ఏడాది నివేదిక ప్రతిని ఒకరు తీసుకురండి. ఆ పెద్దమ్మ మాట మీద పెట్టుకున్న నియమం ప్రకారం దాన్ని అక్కడ చదివి వినిపించాలి.